తెలుగు చిత్రసీమలో కళామార్గానికి బాట వేసిన బి.ఎన్.రెడ్డి

తెలుగు చలనచిత్రానికి సాహిత్య గౌరవాన్ని, సామాజిక ప్రయోజనాన్ని సమకూర్చిన దర్శకులలో అగ్రగణ్యుడు శ్రీ బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. చిత్రరంగంలో బి.ఎన్.రెడ్డిగా సుప్రసిద్ధులైన ఆయన 1939 నుంచి 1969 వరకు మూడు దశాబ్దాల కాలంలో దర్శకత్వం వహించినవి కేవలం 11 చిత్రాలు. సంఖ్యాపరంగా స్వల్పమైన ఈ కృషికే దేశంలో చలనచిత్ర రంగానికి సంబంధించిన అత్యున్నత పురస్కారమైన దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు లభించింది. దక్షిణ భారతదేశం నుంచి ఆ పురస్కారాన్ని అందుకున్న తొలి వ్యక్తి ఆయనే.

చలనచిత్రం జనరంజకమైన వ్యాపారమా లేక దర్శకుని అంతరంగాన్ని ఆవిష్కరించే కళారూపమా అన్న చర్చ తెలుగునాట నేటికీ సాగుతూనే ఉంది. బి.ఎన్.రెడ్డి జీవితంలో ఈ చర్చ ఒక కుటుంబంలోనే, ఒక స్టూడియో ఆవరణలోనే సాగింది. అన్న కళామార్గాన్ని ఎంచుకోగా, తమ్ముడు శ్రీ బి.నాగిరెడ్డి జనరంజక చిత్రాల నిర్మాతగా చరిత్ర సృష్టించారు. ఈ రెండు మార్గాలు ఎక్కడ వేరయ్యాయో, ఎక్కడ కలిశాయో తెలిపే జీవితం బి.ఎన్.రెడ్డిది.

కడప గడ్డ నుంచి చెన్నపట్నానికి

బి.ఎన్.రెడ్డి 1908 నవంబర్ 16వ తేదీన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లి గ్రామంలో రైతు కుటుంబంలో జన్మించారు. బర్మాకు ఉల్లిపాయల ఎగుమతి వ్యాపారం నిర్వహించిన ఆ కుటుంబం కాలక్రమంలో మద్రాసులో స్థిరపడింది. వ్యవసాయం, వ్యాపారం తప్ప కళారంగంతో పూర్వపరిచయం లేని ఆ ఇంటి నుంచి నలుగురికీ తెలిసిన చలనచిత్ర ప్రముఖులు రావడం విశేషం. నరసింహారెడ్డి దర్శకులు కాగా, నాగిరెడ్డి నిర్మాతగా, స్టూడియో అధిపతిగా, మరో సోదరుడు శ్రీ బి.ఎన్.కొండారెడ్డి ఛాయాగ్రాహకులుగా పేరు గడించారు.

మద్రాసులో ఆ సోదరులు నెలకొల్పిన బి.ఎన్.కె. ప్రెస్ బి.ఎన్.రెడ్డి అభిరుచులను తీర్చిదిద్దిన తొలి వేదిక. అచ్చుపని నిమిత్తం వచ్చే రచయితలు, పాత్రికేయులు, సినీ ప్రముఖులతో ఆయనకు సాన్నిహిత్యం ఏర్పడింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు దర్శకత్వం వహించిన శ్రీ హెచ్.ఎం.రెడ్డితో కలసి ఆయన రోహిణీ పిక్చర్స్ కార్యకలాపాల్లో పాల్గొన్నారు. ఆ సంస్థ నిర్మించిన 'గృహలక్ష్మి' చిత్రం 1938లో విడుదలయింది. శ్రీ చిత్తూరు నాగయ్య వెండితెరకు పరిచయమైనది ఈ చిత్రంతోనే.

వాహినీ ఆవిర్భావం

రోహిణీ సంస్థ నుంచి వెలుపలికి వచ్చిన బి.ఎన్.రెడ్డి, తాడిపత్రికి చెందిన వ్యాపార ప్రముఖుడు శ్రీ మూలా నారాయణస్వామి ఆర్థిక సహకారంతో వాహినీ పిక్చర్స్ సంస్థను స్థాపించారు. ఛాయాగ్రాహకుడు శ్రీ కె.రామనాథ్, కళాదర్శకుడు శ్రీ ఎ.కె.శేఖర్, రచయిత శ్రీ సముద్రాల రాఘవాచార్య, నటుడు, సంగీతజ్ఞుడు శ్రీ నాగయ్య ఆ సంస్థకు మూలస్తంభాలుగా నిలిచారు. తదనంతర కాలంలో అగ్రశ్రేణి దర్శకుడిగా వెలుగొందిన శ్రీ కె.వి.రెడ్డి ఆ సంస్థ నిర్మాణ వ్యవహారాలు చూసేవారు.

ఆనాటి తెలుగు చిత్రాలలో అధిక భాగం పౌరాణికాలే. రంగస్థలంపై అప్పటికే ప్రజాదరణ పొందిన నాటకాన్ని, పద్యాలతో సహా తెరకెక్కిస్తే పెట్టుబడికి భరోసా ఉంటుందన్నది నిర్మాతల నమ్మకం. కథ ప్రేక్షకులకు ముందే తెలుసు, నటులు తెలుసు, పద్యాలు కంఠతా వచ్చు. ఈ భరోసాను వదులుకొని, తాను చూస్తున్న సమాజం నుంచే కథను స్వీకరించాలని బి.ఎన్.రెడ్డి నిశ్చయించుకున్నారు. 1939లో విడుదలయిన 'వందేమాతరం' చిత్రంలో చదువుకున్న యువకుని నిరుద్యోగ సమస్యను ఇతివృత్తంగా తీసుకున్నారు. నాగయ్య, కాంచనమాల నాయికా నాయకులుగా నటించిన ఆ చిత్రం విజయవంతమై, సాంఘిక కథకూ ప్రేక్షకులు ఉన్నారని నిరూపించింది.

మరుసటి సంవత్సరం, 1940లో, బాలవితంతువుల పునర్వివాహ సమస్యను స్పృశిస్తూ 'సుమంగళి' చిత్రాన్ని రూపొందించారు. శ్రీ కందుకూరి వీరేశలింగం పంతులు గారి సంస్కరణోద్యమ ప్రభావం ఆ చిత్రంలో సుస్పష్టం. విమర్శకుల ప్రశంసలు అందుకున్నప్పటికీ ఆ చిత్రానికి ఆశించిన ఆర్థిక ఫలితం దక్కలేదు. చెప్పదలచిన విషయానికీ, టిక్కెట్టు కొనే ప్రేక్షకునికీ మధ్య దూరం ఎంత ఉంటుందో ఆయనకు తొలిసారిగా అనుభవంలోకి వచ్చిన సందర్భమది.

అయితే దానితో ఆయన ఇతివృత్తాల గాంభీర్యాన్ని తగ్గించుకోలేదు. చెప్పే తీరును మార్చుకున్నారు. విదేశాలలో చదివి వచ్చిన యజమాని చేతిలో మోసపోయిన పనిమనిషి కథతో 1941లో వచ్చిన 'దేవత' ఘనవిజయం సాధించింది. సేవకురాలి పాత్రను కథకు కేంద్రంగా నిలిపి, ఆమె ఆత్మగౌరవానికి పట్టం కట్టిన ఆ చిత్రం అటు మహిళా ప్రేక్షకులను, ఇటు విద్యావంతులను సమానంగా ఆకట్టుకుంది. 1945లో విడుదలయిన 'స్వర్గసీమ' ఆ విజయపరంపరను కొనసాగించింది. వీధులలో ఆడిపాడే యువతి రంగస్థల తారగా ఎదగడం, ఆమె ఆకర్షణలో పడిన గృహస్థు భార్యాబిడ్డలకు దూరం కావడం ఇందులోని ఇతివృత్తం. శ్రీమతి భానుమతికి అగ్రతార స్థాయిని తెచ్చిపెట్టిన చిత్రమిది. నేపథ్య గాయకుడిగా శ్రీ ఘంటసాల గళం వినిపించినది కూడా ఈ చిత్రంలోనే.

ఈ మధ్యకాలంలో వాహినీ సంస్థ కె.వి.రెడ్డిని దర్శకుడిగా ప్రోత్సహించింది. ఆయన దర్శకత్వంలో 1943లో 'భక్త పోతన', 1947లో 'యోగి వేమన', 1949లో 'గుణసుందరి కథ' వెలువడ్డాయి. 'భక్త పోతన' సాధించిన అపూర్వ విజయం వాహినీ సంస్థను ఆర్థికంగా నిలబెట్టింది. సంస్థాధిపతి తన అభిరుచి మేరకు చిత్రాలు తీయగలగడానికి, సహచరుని జనరంజక చిత్రాలు కూడా దోహదం చేశాయన్నది ఇక్కడ గమనించదగిన వాస్తవం.

ఒకే సంవత్సరం, రెండు చిత్రాలు

మద్రాసులోని వడపళనిలో 1948లో వాహినీ స్టూడియో రూపుదిద్దుకుంది. స్టూడియో నిర్వహణ చిత్రనిర్మాణం కంటే భిన్నమైన వ్యవహారం. ఫ్లోర్లు నిరంతరం పనిచేస్తూ ఉంటేనే అద్దెలు వస్తాయి, సిబ్బంది జీతాలు గడుస్తాయి. చిత్రాలు వెంట వెంటనే పూర్తయి, పంపిణీదారుల వద్ద నుంచి సొమ్ము తిరిగి వస్తేనే తదుపరి చిత్రానికి పెట్టుబడి సమకూరుతుంది. ఒక్కొక్క చిత్రాన్ని సంవత్సరాల తరబడి మనసులో మలచుకునే దర్శకునికి ఈ లెక్క ఇమడదు. ఆ సమయంలో నాగిరెడ్డి, శ్రీ చక్రపాణి విజయా ప్రొడక్షన్స్ సంస్థను ప్రారంభించి, వాహినీ స్టూడియో నిర్వహణను కౌలుకు స్వీకరించారు.

విజయా సంస్థ తొలి చిత్రం 'షావుకారు' 1950లో విడుదలయింది. శ్రీ ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వం వహించిన ఆ సాంఘిక చిత్రం సహజత్వానికి పేరుగాంచినా, వసూళ్ళలో పరిమిత ఫలితాన్నే ఇచ్చింది. దీనితో నిర్మాతలు జానపదం వైపు దృష్టి సారించారు. కె.వి.రెడ్డి దర్శకత్వంలో, శ్రీ పింగళి నాగేంద్రరావు రచనతో, శ్రీ ఎన్.టి.రామారావు కథానాయకుడిగా, శ్రీ ఎస్.వి.రంగారావు మాంత్రికుడిగా నటించిన 'పాతాళభైరవి' 1951 మార్చి 15వ తేదీన విడుదలయి తెలుగునాట ప్రభంజనం సృష్టించింది. రెండు వందల రోజులు ప్రదర్శితమైన తొలి తెలుగు చిత్రంగా ఖ్యాతి గడించింది. తమిళ, హిందీ ప్రేక్షకులకూ చేరువైంది.

అదే సంవత్సరం, అదే ఆవరణలో, అదే కథానాయకునితో బి.ఎన్.రెడ్డి 'మల్లీశ్వరి' చిత్రాన్ని తీర్చిదిద్దారు. 1951 డిసెంబర్ 20వ తేదీన ఆ చిత్రం విడుదలయింది. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి విజయనగరం కథాస్థలం. బావామరదళ్ళయిన నాగరాజు, మల్లీశ్వరి ఒక వానరేయి సత్రంలో మారువేషంలో ఉన్న రాయలవారిని, అల్లసాని పెద్దనను కలుస్తారు. నాగరాజు పరిహాసంగా పలికిన మాట నిజమై, మల్లీశ్వరి కోసం రాజధాని నుంచి పల్లకి వస్తుంది. రాణివాసంలో ప్రవేశించిన ఆమె సకల భోగాల నడుమ బందీ అవుతుంది. నాగరాజు శిల్పిగా విజయనగరం చేరుకుంటాడు. ప్రభువు దయాగుణం, ఆ దయ తెచ్చిపెట్టిన కష్టం రెండింటినీ సమానంగా చూపిన కథ ఇది.

శ్రీ బుచ్చిబాబు రచించిన 'రాయలవారి కరుణకృత్యం' నాటికతో పాటు, ఇలస్ట్రేటెడ్ వీక్లీ పత్రికలో వెలువడిన ఒక ఆంగ్ల కథ ఈ చిత్రానికి ప్రేరణ. బి.ఎన్.రెడ్డి హంపీ శిథిలాలను సందర్శించి, ఆనాటి జీవన విధానాన్ని తెరపై పునఃసృష్టించడానికి అవసరమైన సమాచారం సేకరించారు. భావకవిగా ప్రఖ్యాతుడైన శ్రీ దేవులపల్లి కృష్ణశాస్త్రిని ఒప్పించి, మాటలు, పాటలు రెండూ ఆయన చేతనే రాయించారు. కృష్ణశాస్త్రికి చలనచిత్ర రచన అదే ప్రథమం. శ్రీ సాలూరి రాజేశ్వరరావు కవితో కలసి నెలల తరబడి స్వరరచన సాగించారు. భానుమతి తన పాటలను తానే పాడగా, కథానాయకునికి ఘంటసాల గళమిచ్చారు. శ్రీ ఆది ఇరానీ, శ్రీ కొండారెడ్డి ఛాయాగ్రహణం, శ్రీ ఎ.కె.శేఖర్ కళాదర్శకత్వం చిత్రానికి నిండుదనం తెచ్చాయి.

ఇంతటి సాధన అనంతరం వెలువడిన 'మల్లీశ్వరి' తొలి విడుదలలో 'పాతాళభైరవి'కి దీటైన వసూళ్ళు సాధించలేకపోయింది. నిర్మాణానికి పట్టిన కాలంతో, పెరిగిన వ్యయంతో పోల్చినపుడు వచ్చిన రాబడి సామాన్యమే. అయితే ఆ చిత్రానికి లభించిన గౌరవం కాలంతో పాటు పెరుగుతూ వచ్చింది. 1953లో చైనా భాషలో ఉపశీర్షికలతో ఆ దేశంలో ప్రదర్శితమైంది. పునర్విడుదలైన ప్రతిసారీ ప్రేక్షకులు ఆదరించారు. చలనచిత్ర గీతం కవిత్వ స్థాయిని అందుకోగలదని నిరూపించిన చిత్రంగా తెలుగు విమర్శకులు దానిని నేటికీ పేర్కొంటున్నారు.

విజయానికి మూల్యం

'మల్లీశ్వరి' తర్వాత బి.ఎన్.రెడ్డి మరింత కఠినమైన ప్రయోగానికి పూనుకున్నారు. ఆంగ్ల నవలా రచయిత్రి జార్జ్ ఇలియట్ రచించిన 'సైలాస్ మార్నర్' నవల ఆధారంగా 1955లో 'బంగారు పాప' చిత్రాన్ని నిర్మించారు. లోకంపై కక్ష పెంచుకున్న కోటయ్య అనే కఠినహృదయుడు, ఒక పసిబిడ్డను పెంచే బాధ్యత మీద పడటంతో మనిషిగా మారిన వైనం ఇందులోని కథ. గుణచిత్ర నటుడైన ఎస్.వి.రంగారావును ప్రధాన పాత్రలో నిలిపారు. 'గాలివాన' కథతో అంతర్జాతీయ కథానికల పోటీలో బహుమతి పొందిన శ్రీ పాలగుమ్మి పద్మరాజును ఈ చిత్రంతో చలనచిత్ర రచనకు పరిచయం చేశారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం లభించినా, ఆర్థికంగా ఆ చిత్రం నిర్మాతను ఆదుకోలేదు.

అదే 1955లో విజయా వారి 'మిస్సమ్మ', 1957లో 'మాయాబజార్' విడుదలయి తెలుగు, తమిళ భాషలు రెండింటిలోనూ ప్రజాదరణ చూరగొన్నాయి. ఒకే సెట్టుపై రెండు భాషలలో చిత్రాన్ని తీయడం వలన వ్యయం పంచుకోబడి, రాబడి రెట్టింపయ్యే అవకాశం ఏర్పడేది. కాలక్రమంలో వాహినీ స్టూడియో విజయా-వాహినీ స్టూడియోగా మారి, ఆసియాలోని పెద్ద స్టూడియోలలో ఒకటిగా గణుతికెక్కింది. తాను నెలకొల్పిన స్టూడియోపై ఆధిపత్యం తమ్మునికి దక్కగా, అన్న తన చిత్రాల రూపకల్పనకే పరిమితమయ్యారు. స్వేచ్ఛగా చిత్రాలు తీయడానికి ఆయన చెల్లించిన మూల్యం స్వల్పమైనది కాదు.

స్వంత పెట్టుబడితో చిత్రాలు తీయడం భారం కావడంతో, ఆయన బయటి సంస్థలకు కూడా దర్శకత్వం వహించారు. పొన్నలూరి సోదరులు నిర్మించిన 'భాగ్యరేఖ' 1957లో విడుదలయి, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ స్థాయిలో గుర్తింపు పొందింది. 1960లో వాహినీ పతాకంపై 'రాజమకుటం' అనే జానపద చిత్రాన్ని తెలుగు, తమిళ భాషలలో తీశారు. కత్తియుద్ధాలు, రాచకుట్రలు, మారువేషాలతో నడిచే ఆ చిత్రం, జనరంజక బాణీలో ఆయన చేసిన ఏకైక ప్రయత్నం. ఆ ప్రక్రియలోని హంగులన్నీ సమకూర్చినప్పటికీ, బి.ఎన్.రెడ్డి పేరు చెప్పగానే ప్రేక్షకులకు స్ఫురించే చిత్రాలలో దానికి స్థానం దక్కలేదు.

1964లో శ్రీ మునిపల్లె రాజు నవల 'పూజారి' ఆధారంగా 'పూజాఫలం' చిత్రాన్ని రూపొందించారు. శ్రీ అక్కినేని నాగేశ్వరరావు, శ్రీమతి సావిత్రి, శ్రీమతి జమున వంటి అగ్రతారలు నటించినప్పటికీ, అంతర్ముఖుడైన యువకుని మనోవేదనను ప్రధానంగా తీసుకొని కథ నడిపారు. తారల ఆకర్షణను కథకు వినియోగించుకున్నారే తప్ప, తారల కోసం కథను మార్చలేదు.

కొత్తవారితో నూతన ప్రయోగం

1960 దశకం నాటికి తెలుగు చిత్ర వ్యాపారం పూర్తిగా అగ్రతారల చుట్టూ తిరగసాగింది. ఆ దశలో 1966లో బి.ఎన్.రెడ్డి 'రంగులరాట్నం' చిత్రానికి కొత్త నటులను ఎంచుకున్నారు. శ్రీ చంద్రమోహన్ ఈ చిత్రంతో వెండితెరకు పరిచయమయ్యారు. అనంతర కాలంలో హిందీ చిత్రసీమను ఏలిన రేఖ ఈ చిత్రంలో బాలనటిగా కనిపించారు. పల్లెలో చితికిపోయిన కుటుంబం బతుకుతెరువు కోసం పట్నం చేరడం, తల్లి పెంపకంలో ఎదిగిన అన్నదమ్ములు ఎన్నికలలో ప్రత్యర్థులుగా నిలవడం ఇందులోని కథ. రాజకీయాలు కుటుంబ సంబంధాలను ఏ విధంగా చీలుస్తాయో, సామాన్యుని ఓటు ఏ విధంగా బేరానికి వస్తుందో ఆ చిత్రం నిర్మొహమాటంగా చూపింది. శ్రీమతి అంజలీదేవి తల్లి పాత్రను అద్వితీయంగా పోషించారు.

అగ్రతారలు లేకుండానే ప్రజల ఆదరణ పొందిన 'రంగులరాట్నం' ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారాన్ని గెలుచుకుంది. రాష్ట్ర ప్రభుత్వ నంది బహుమతి కూడా ఆ చిత్రానికి దక్కింది. కళాత్మకత, ప్రజాదరణ పరస్పర విరుద్ధాలు కానవసరం లేదని 'దేవత' తర్వాత పాతికేళ్ళకు ఆయన మరొకసారి నిరూపించారు. 1969లో శ్రీ శోభన్‌బాబు, శ్రీమతి వాణిశ్రీ నటించిన 'బంగారు పంజరం' ఆయన దర్శకత్వం వహించిన చివరి చిత్రం. పల్లెటూరి యువతిని పెళ్ళాడిన ఇంజనీరు కథకు కృష్ణశాస్త్రి గీతాలు, రాజేశ్వరరావు సంగీతం మరోసారి తోడయ్యాయి. ఆ తర్వాత జీవించిన ఎనిమిదేళ్ళలో ఆయన మరో చిత్రానికి దర్శకత్వం వహించలేదు.

పురస్కారాలు, చిరస్మరణీయ సేవలు

భారత ప్రభుత్వం 1974లో బి.ఎన్.రెడ్డిని పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. 1974 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డును ప్రకటించింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. 1977 నవంబర్ 8వ తేదీన, 69వ జన్మదినానికి కొద్ది రోజుల ముందు, మద్రాసులో ఆయన కన్నుమూశారు.

సోదరుడు నాగిరెడ్డికి కూడా 1986 సంవత్సరానికి ఫాల్కే పురస్కారం లభించింది. తన అభిరుచికి కట్టుబడి 11 చిత్రాలు తీసిన అన్నను, లక్షలాది ప్రేక్షకులను మెప్పించిన చిత్రాలు నిర్మించిన తమ్ముణ్ణి దేశం ఒకే పురస్కారంతో గౌరవించడం, చలనచిత్రానికి ఈ రెండు ధోరణులూ అవసరమేనన్న గుర్తింపుగా భావించవచ్చు. జనరంజక చిత్రాల కోవలో నిర్మితమైన 'మాయాబజార్' 2013లో ఒక జాతీయ వార్తా ఛానల్ నిర్వహించిన ప్రజాభిప్రాయ సేకరణలో అత్యుత్తమ భారతీయ చిత్రంగా నిలిచింది. ఆ చిత్ర దర్శకుడు కె.వి.రెడ్డి వాహినీ సంస్థలో, బి.ఎన్.రెడ్డి ప్రోత్సాహంతో దర్శకుడైన వ్యక్తి. పనిలో క్రమశిక్షణ, సాహిత్యం పట్ల గౌరవం, సంగీతంపై శ్రద్ధ అనే వాహినీ సంప్రదాయం ఆ విధంగా జనరంజక చిత్రాలకూ ఉత్తమ స్థాయిని ప్రసాదించింది.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ప్రభుత్వం నంది అవార్డులతో పాటు ఈ సోదరులిద్దరి స్మృత్యర్థం జాతీయ స్థాయి పురస్కారాలను నెలకొల్పింది. దర్శకులకు బి.ఎన్.రెడ్డి పేరిట, నిర్మాతలకు నాగిరెడ్డి-చక్రపాణి పేరిట ఇవి ఏర్పాటయ్యాయి. 2014 సంవత్సరానికి బి.ఎన్.రెడ్డి జాతీయ పురస్కారం శ్రీ ఎస్.ఎస్.రాజమౌళికి ప్రకటితమైంది. భారీ వ్యయంతో, అశేష ప్రజాదరణతో వెలువడే చిత్రాల దర్శకునికి, నిదానంగా పరిమిత సంఖ్యలో చిత్రాలు తీసిన దర్శకుని పేరిట పురస్కారం ప్రకటించడం ఆసక్తికరమైన పరిణామం. 2016 సంవత్సరం తర్వాత నంది అవార్డుల ప్రదానం నిలిచిపోగా, తెలంగాణ ప్రభుత్వం 2025లో ప్రదానం చేసిన గద్దర్ చలనచిత్ర అవార్డులలోనూ బి.ఎన్.రెడ్డి పేరిట పురస్కారానికి స్థానం కల్పించింది. ఈ విధంగా రెండు తెలుగు రాష్ట్రాలూ ఆయన స్మృతిని గౌరవించాయి.

వసూళ్ళ లెక్కలతో తూచినపుడు 1951 సంవత్సరం నిస్సందేహంగా 'పాతాళభైరవి'దే. కాలం తూచిన తూకంలో 'మల్లీశ్వరి' దాని సరసన నిలిచింది. తొలి వారాల రాబడిని బట్టి చిత్రాల విలువను నిర్ణయించే ధోరణి బలపడిన ఈ రోజుల్లో, ఏడు దశాబ్దాల అనంతరం కూడా ప్రేక్షకుల మన్ననలు పొందుతున్న ఆ చిత్రం, దాని వెనుక నిలిచిన దర్శకుని దీక్ష, పాత్రికేయులకు, సాంస్కృతిక రంగ నిర్వాహకులకు, యువ దర్శకులకు అధ్యయనం చేయదగిన అంశాలు. తెలుగు చలనచిత్రం ఉన్నంతకాలం బి.ఎన్.రెడ్డి కీర్తి చిరస్థాయిగా నిలిచి ఉంటుంది.